క్లియర్ కొట్టినాక

మా బావ ఎడమచేతికి బొటనవేలు, చిటికెనవేలు మాత్రమే మిగిలాయి. గిటారు పెడళ్ల మీద అక్షరాలు అతికించే పని నాకు వచ్చింది అందువల్లే.

పెడల్ అంటే గిటారు వాయించేవాళ్లు కాళ్ల దగ్గర పెట్టుకునే చిన్న అల్యూమినియం పెట్టె. మీట తొక్కితే గిటారు గొంతు మారుతుంది. ఒక పెట్టె గొంతును బొంగురు చేస్తుంది, ఇంకొకటి కొండల్లో అరిచినట్టు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. కంపెనీ పెడళ్లు మా వైపు దొరికేవి కావు. దొరికినా చర్చిల్లో వాయించేవాళ్లు కొనలేరు. బావ వాటిని ఇంట్లోనే తయారు చేసేవాడు.

బావ అంటే నా భర్త. మా మేనత్త కొడుకు. పెళ్లయ్యాక కూడా నా నోట వేరే పిలుపు రాలేదు. నేను వల్లూరులో పుట్టి, ఆయన్ని చేసుకుని జమ్మలమడుగు వచ్చాను. మా తాతల తాతలు దొరల మిషన్ కాలంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. ఇంట్లో ఎవరో ఒకరు బడిపంతులుగా ఉండటం మాకు అప్పటినుంచీ అలవాటు. నేనూ బళ్లో రెండో తరగతికి చెప్పేదాన్ని. బావ మాత్రం చదువు మధ్యలో వదిలేసి ప్రొద్దుటూరులో మైకుసెట్లు అద్దెకిచ్చే అంగడిలో మెకానిక్కుగా చేరాడు. రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాడు. ఆయన వాయిస్తుంటే వెనక వరసల్లో ముసలమ్మలు కూడా నిద్రపోయేవాళ్లు కాదు.

ఎన్నికలొస్తే మైకుసెట్టుకు పార్టీ ఉండదు. పొద్దున ఒకరి జీపు మీద కట్టిన హారన్ గొట్టాన్నే సాయంత్రం ఇంకొకరి స్టేజి మీద కట్టేవాళ్లు. రెండువైపులా మనుషులు కత్తులు పట్టుకుని తిరిగే ఊళ్లకు కూడా మా బావ వాళ్ల లారీ పోయేది. నేను భయపడితే, "మైకోన్ని ఎవురేమంటారు? వాళ్లకూ మేమే కావల్ల, వీళ్లకూ మేమే కావల్ల" అనేవాడు. ఆ మాట నిజమే. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. బాంబు ఆయన కోసం వేసింది కాదు.

పులివెందుల వైపు, మేం చీనీ అనే బత్తాయి తోటలు దాటాక ఉన్న ఒక పల్లెలో మీటింగు. నాయకుడు ఇంకా రాలేదు. ఆ ఊళ్లో గొర్రెలు మేపే ఒకాయనకు గొంతు పెద్దదని, స్టేజి మీద నిలబెట్టి హలో హలో అనిపిస్తున్నారు. బావ స్టేజి పక్కన యాంప్లిఫైయర్ దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాత జరిగింది ఆయన నాకు ఒక్కసారే చెప్పాడు.

"మైకు కీచుమంటాన్నింది. కుడిచేత్తో వైరు పట్టుకోని, ఎడమచేత్తో సౌండు నాబు తగ్గిస్తాండా. ఆయప్ప హలో అన్న్యాడు. మళ్లా నేను యాడుండానో నాకే తెలీల్యా."

హలో అన్న ఆయన అక్కడే చనిపోయాడు. యాంప్లిఫైయర్ అడ్డం ఉండబట్టి మా బావ బతికాడు. ఎడమచేతి మూడు వేళ్లు పోయాయి. ఎడమ చెవి సగం పోయింది.

బడికి ఇద్దరు మనుషులు మోటారుసైకిల్ మీద వచ్చి చెప్పారు. నేను పిల్లలకు తీసివేతలు చెప్తున్నాను. పెద్ద పంతులమ్మ వచ్చి నా చేతిలో సుద్దముక్క తీసుకుంది. కడప ఆస్పత్రికి పోయేదాకా బస్సులో ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. తర్వాత వస్తుందిలే అనుకున్నాను. ఆస్పత్రిలో కట్టు విప్పి చూపించినప్పుడూ రాలేదు. చెల్లెలు వల్లూరు నుంచి వచ్చి నన్ను పట్టుకుని ఏడిస్తే, ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. నాకేమైందో అని ఆమె మా అమ్మతో అందట. నాకేమీ కాలేదు. అన్నం వండాను, తిన్నాను, బడికి పోయాను. అన్నీ గోడ అవతల జరుగుతున్నట్టు ఉండేది.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు మీటింగు పెట్టిన పార్టీవాళ్ల మనిషి వచ్చాడు. తెల్లచొక్కా, మెడలో కండువా. మంచం మీద కూర్చుని మర్యాదగానే మాట్లాడాడు.

"నువ్వు స్టేజి కాడనే ఉంటివి గదప్పా. పేర్లు మేం చెప్తాం. నువ్వు చూసినా అంటే చాలు."

"నేను చూల్లేదప్పా. నాబు చూస్తాంటి" అన్నాడు బావ.

"చెయ్యి పోయినోని మాటకు కోర్టులో విలువుంటాది."

"విలువుంటాది సరే. నేను చూల్లేదు గదా."

ఆయన పోయాడు. వారం తిరక్కుండా అవతలి పార్టీ మనిషి వచ్చాడు. సంచి నిండా చీనీకాయలు తెచ్చాడు. "చూల్లేదని చెప్తివంట. మంచి పని చేసినావు. అదే మాట మీద ఉండు" అన్నాడు. బావ ఆయనకు కూడా అదే జవాబు చెప్పాడు. "ఉండేదేముందప్పా, చూల్లేదు." నేను ఆ చీనీకాయలు పిండి రసం తీశాను. ఇద్దరం తాగాం. పారేయాలని నాకు గానీ ఆయనకు గానీ తోచలేదు. కాయలు బాగున్నాయి.

తర్వాత రెండువైపుల పెద్దలూ రాజీ అయ్యారు. కేసు పోయింది. ఆ సంగతి మేము పేపర్లో చదువుకున్నాం.

బావ అంగడికి పోవడం మానేశాడు. గిటారు గోడకు తగిలించిన చోటే ఉంది. నేను దాన్ని తీసి అటక మీద పెడదామా అని అడిగాను. "ఉండనీలే, అదేం జేసింది" అన్నాడు. వరండాలో కూర్చుని వీధి చూసేవాడు. పెన్నలో నీళ్లొచ్చిన రోజు ఊరంతా చూడటానికి పోతే, ఆయన చెప్పులు వేసుకుని మళ్లీ విప్పేసి కూర్చున్నాడు.

మైదుకూరు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. అక్కడి చర్చిలో గిటారు వాయిస్తాడు, బళ్లో టీచరు. అంతకుముందే బావకు ఒక పెడల్ చేయమని చెప్పి ఉన్నాడు. దాని గురించి అడగలేక, బావ ఆరోగ్యం అడిగి, టీ తాగి లేచాడు. వాకిలి దాకా పోయినవాణ్ణి బావే పిలిచాడు.

"నీ పెట్టె సగమైంది. వచ్చే నెల రా."

సాయంత్రం ఆయన కుడిచేత్తో సీసం కరిగించి అతికే కడ్డీ పట్టుకుంటే, నేను పట్టకారుతో వైర్లు పట్టుకున్నాను. ఆయన చెప్పింది చేశాను. లోపలి పని అయింది. మిగిలింది పైన పేర్లు రాయడం. ఏ నాబు దేనికి, వైరు ఎటు పెట్టాలి అనేది పెట్టె మీద ఉండాలి. పాత పెట్టెల మీద ప్రొద్దుటూరులో బోర్డులు రాసే ఆర్టిస్టు సన్న బ్రష్షుతో రాసిచ్చేవాడు. ఫ్లెక్సీలొచ్చాక ఆయన ఆ పని వదిలేసి ఎక్కడికో పోయాడు. అక్కడే మైదుకూరు రోడ్డులో కంప్యూటరు మీద పెళ్లిపత్రికలు, ఓటరు చీటీలు, ఫ్లెక్సీలు కొట్టే ఒకాయన బావకు స్నేహితుడు. ఆయన చెప్పాడు.

"కుట్టుమిషన్ మీద బంగారు పూలు ఉంటాయి జూడు, అట్లాటి కాయితం బెంగుళూరులో దొరుకుతాది. నేను అచ్చేసిస్తా. నీళ్లలో ఏస్తే బొమ్మ కాయితం మీంచి జారుతాది. పెట్టెకు అతికించుకోండి."

బావ తన చెయ్యి చూసుకున్నాడు. ఆ పనికి పది వేళ్లు కావాలి. కింద కాగితం లాగుతూ పైన పొరను పట్టుకోవాలి. పొర ఉల్లిపొర కంటే పల్చన. "నువ్వు జెయ్యి" అన్నాడు నాతో.

ముందు పెట్టెను వాటర్ పేపర్‌తో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో రుద్దాలి. తర్వాత స్కూటర్లకు రంగులేసే షెడ్డులో లేత రంగు కొట్టించాలి. కాగితం అచ్చేసే మిషన్ తెల్ల అక్షరాలు వేయలేదు, నల్లవే వేస్తుంది. అందుకని పెట్టె ముదురు రంగులో ఉంటే పేర్లు కనబడవు. బొమ్మను అంచుల దాకా కత్తిరించి గోరువెచ్చని నీళ్ల పళ్లెంలో వేయాలి. అది మొదట చుట్టుకుపోతుంది. కాసేపటికి తానే సాఫీ అవుతుంది. వేలితో తాకితే పొర కాగితం మీద జారుతుంది. పెట్టె మీద నీటిచుక్క వేసి, దాని మీదకు పొరను జరపాలి. సరిచేసుకోవడానికి కొద్దిసేపే ఉంటుంది. మెత్తని గుడ్డతో మధ్యలోంచి అంచులకు నీళ్లు నెట్టాలి. బుడగ ఉంటే సూదితో పొడిచి అద్దాలి. ఒక రోజు ఆరనివ్వాలి. ఆ తర్వాత క్లియర్. క్లియర్ అంటే స్ప్రే డబ్బాలో వచ్చే, వార్నిష్ లాంటి రంగులేని లక్కర్. అది పైన లేకపోతే అక్షరాలు గోటికి లేచిపోతాయి.

మొదటి పెట్టె పాడు చేశాను. అక్షరాలు చక్కగా కూర్చున్నాయి. డబ్బా ఊపి క్లియర్ కొట్టాను. తడిగా, అద్దంలా మెరిసేదాకా కొట్టాను. చూస్తుండగానే పొర ముడతలు పడింది. అక్షరాలన్నీ ఒకదాని మీదకు ఒకటి ఎక్కాయి.

బావ వచ్చి చూశాడు. "దండిగా కొట్టినావు. మంచు పడినట్ల కొట్టల్ల. ఆరినాక మళ్లా. మళ్లా."

"నాకు రాదు బావా."

"ఎవురికీ రాదు. గీకేయి."

గీకాను. మళ్లీ రంగు వేయించాం. రెండోసారి దూరం నుంచి, చెయ్యి ఆపకుండా, ఉందా లేదా అన్నట్టు కొట్టాను. ఆరనిచ్చి మళ్లీ కొట్టాను. పొర అంచు గోటికి తగిలేది. దాన్ని తడి వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్ది, మళ్లీ కొట్టాను. చివరికి అంచు కనబడకుండా పోయింది. అక్షరాలు పెట్టెతో పాటే పుట్టినట్టు ఉన్నాయి. వానాకాలం కొడితే క్లియర్ పాలలా తెల్లబారేది. గాలికాలం కొడితే ఊరి దుమ్మంతా దాని మీదే వాలేది. అవన్నీ తర్వాత తెలుసుకున్నాను. నాకు ఆ పని ఇష్టమా అంటే చెప్పలేను. అది చేస్తున్నంతసేపూ ఇంకేమీ ఆలోచించనవసరం లేదు. ఆలోచించనప్పుడు ఎలా ఉండేదో, మిగతా వేళల్లోనూ నాకు అలాగే ఉండేది.

మైదుకూరు అబ్బాయి పెట్టె తీసుకుపోయాడు. అతను చూపించగా ఇంకొందరు అడిగారు. కడప నుంచి, కర్నూలు నుంచి, తర్వాత బెంగుళూరు నుంచి.

మధ్యలో మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఓటేయడానికి పోతే పోలింగ్ బూత్‌లో ఇంకు పెట్టే అమ్మాయి బావ ఎడమచెయ్యి పట్టుకుని ఆగిపోయింది. చూపుడువేలికి పెట్టాలి. అది లేదు. పక్కనున్న ఏజెంట్లు ఇద్దరూ చూస్తున్నారు, చెరో పార్టీ. ఆ అమ్మాయి పై ఆఫీసరు వైపు చూసింది. "ఉండేదానికి పెట్టమ్మా" అన్నాడు బావ. చిటికెనవేలికి పెట్టింది. ఇంటికొచ్చాక బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేశాను. తిన్నాం. ఎవరికి వేశావని ఆయన నన్ను అడగలేదు, నేనూ ఆయన్ని అడగలేదు.

ఆ మరుసటేడు ఎండాకాలంలో ఒక కుర్రాడు కారులో వచ్చాడు. బెంగుళూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. జుట్టు భుజాల దాకా పెంచాడు. స్నేహితులతో కలిసి పాటల బ్యాండు పెట్టాడట. పెద్దింటి పిల్లవాడని కారే చెప్తోంది. పేరు, ఊరు చెప్పాక అది ఏ ఇల్లో నాకు అర్థమైంది. చీనీ తోటల అవతల ఉన్న మండలం. ఆ ఇంట్లో పెద్దాయన ఒక పార్టీకి అక్కడ అన్నీ తానే. మా ఇంటికి చీనీకాయల సంచి పంపింది ఆ ఇంటివాళ్లే.

బావ అప్పుడు టేబుల్ వెనక కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యి ఒళ్లో ఉంది. కుర్రాడు ఉత్సాహంగా ఒక కాగితం తీసి పరిచాడు. వాళ్ల స్నేహితుడు గీసిన బొమ్మ. గుండ్రని నల్ల బాంబు, చుట్టూ సుతిలి తాడు, పైన ఒత్తి, ఒత్తి కొసన నిప్పురవ్వలు. కింద లావు అక్షరాలతో నాటు అని.

"మామా, శానా గట్టిగా అరిచే పెడల్ కావల్ల. పేరు నాటు. మా రాయలసీమోళ్ల బ్యాండని తెలియల్ల గదా."

బావ కాగితం దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు.

"ఒత్తి ఉండదు" అన్నాడు.

"ఏంది మామా?"

"దానికి ఒత్తి ఉండదప్పా. ఇసిరితే పడి పేల్తాది."

కుర్రాడు నవ్వాడు. "ఒత్తి లేకుంటే బెంగుళూరోళ్లకు అది బాంబని ఎట్ల తెలుస్తాది మామా? ఏదో ఉల్లిగడ్డ అనుకుంటారు."

"అదీ నిజమే" అన్నాడు బావ. "ఉండనీ."

కుర్రాడు పోయాక నేను వంటింట్లోంచి వచ్చాను. "చేస్తావా బావా?" అన్నాను.

"అందురికీ చేస్తాండాం గదా."

అచ్చు వేయించుకొచ్చాం. ఆ బొమ్మను నీళ్లలో వేసినప్పుడు నాకు కోపం వస్తుందేమో అని చూశాను. రాలేదు. పొర సాఫీగా జారింది. ఒక్క బుడగ కూడా రాలేదు. నిప్పురవ్వల దగ్గర సన్న గీతలు చాలా ఉన్నాయి, అవీ చెదరలేదు. ఎండ బాగా కాస్తున్న రోజులు, గాలి లేదు, క్లియర్ గాజులా దిగింది. నేను అంతవరకు చేసిన పెట్టెలన్నిటిలో అదే బాగా వచ్చింది. బావ దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుండాది" అన్నాడు. ఆయన ఎప్పుడూ ఆ మాట అనడు. ఆ మాటకు నేను సంతోషపడి ఉండాలి.

తీసుకుపోవడానికి వచ్చినప్పుడు కుర్రాడికి పెట్టెను బావ రెండు చేతులతో అందించాడు. అప్పుడు చూశాడు ఆ చెయ్యి.

"ఏమైంది మామా? మిషన్‌లో పడిందా?"

"కాదప్పా. మీటింగులో. మైకు కట్టను పోయింటి."

"యాడ?"

బావ ఊరి పేరు చెప్పాడు. అది ఆ కుర్రాడి మండలమే. కుర్రాడు పెట్టె వైపు చూడలేదు, చెయ్యి వైపూ చూడలేదు. గోడ మీద గిటారు వైపు చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"మావోళ్లా? ఆవలోళ్లా?"

"నేను చూల్లేదు."

వాకిట్లో కారు డ్రైవరు రేడియో పెట్టుకున్నాడు. అది వినిపిస్తూ ఉంది. కుర్రాడు పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈ బొమ్మ తీసేయొచ్చా అక్కా?" అని నన్ను అడిగాడు.

జవాబు బావ చెప్పాడు. "క్లియర్ కొట్టినాక ఊడదు. గీకితే కింద రంగు గూడా పోతాది. మళ్లా అంతా చేయల్ల. మీకు కచేరీ ఉండాదంటివి గదా, ఎత్తకపో."

అతను తీసుకుపోయాడు. పోయేముందు నా వైపు తిరిగి దండం పెట్టాడు. మంచివాడే అనిపించింది. ఆ తర్వాత అతని స్నేహితులు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అలాంటిదే కావాలన్నారు. అదే బొమ్మతో. బావ చేద్దాం అన్నాడు. చేసి బస్సులో పంపాం.

రెండేళ్లకో మూడేళ్లకో ఒక సాయంత్రం ప్రొద్దుటూరు నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఇంటి పెద్దాయనను, ఆ కుర్రాడి పెదనాయనను, దారి కాచి చంపారని. పేపర్లో రక్తం మరకలున్న కారు ఫోటో వేశారు. బావ ఫోటో చూసి పేపరు మడిచి పెట్టాడు. చెవి వినబడని వైపు కూర్చుని నేనేదో అన్నాను. ఆయన తలాడించాడు. విన్నాడో లేదో తెలియదు.

ఆ కుర్రాడు మళ్లీ మా ఇంటికి వచ్చినప్పుడు నేను వెంటనే గుర్తుపట్టలేదు. జుట్టు పొట్టిగా కత్తిరించాడు, తెల్లచొక్కా, తెల్లప్యాంటు. ముందు ఒక బండి, వెనక ఒక బండి. తుపాకీ ఉన్న పోలీసు ఒకాయన మా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కుర్రాడు తన చేత్తోనే గిటారు సంచి, పెడల్ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు.

"ఇంగ వాయించేది కుదర్దు మామా. ఎవురికన్నా ఇయ్యండి."

"సదువైపోయిందా?" అని అడిగాడు బావ.

"యాడ సదువు. ఇంట్లో పెద్దోళ్లు ల్యా గదా. నేనే చూసుకోవల్ల."

"ఒద్దనుకుంటే?"

"ఒద్దనుకునేదానికి ఎవురన్నా అడిగితే గదా మామా."

నేను టీ ఇచ్చాను. బయట ఉన్నవాళ్లకూ ఇచ్చాను. అతను తాగుతూ, మైకుసెట్టు అంగడి ఇంకా ఉందా అని అడిగాడు. లేదన్నాం. అతని ఫోన్ మోగింది. లేచి, "ఒస్తా అక్కా" అని పోయాడు. వాళ్లు పోయాక వీధిలో పిల్లలు బండ్ల చక్రాల గుర్తులు చూడటానికి వచ్చారు.

ఆ కుర్రాడి గిటారును మా చర్చిలో కొత్తగా నేర్చుకుంటున్న అమ్మాయికి ఇచ్చాం. పెట్టెను బొమ్మతో ఇవ్వలేం. నేను వాటర్ పేపర్ తీసుకుని కూర్చున్నాను. ముందు పైన క్లియర్ తెల్లని పొడిలా రాలింది. తర్వాత అక్షరాలు మసకబారాయి. గుండ్రని నలుపు పోవడానికి చాలాసేపు పట్టింది. చేతులు నొప్పి పుట్టాయి. బావ ఎదురుగా కూర్చుని రుద్దిన చోటల్లా నీళ్లు చల్లుతూ ఉన్నాడు. లేత నీలం వేయించి, నాబుల పేర్లు మాత్రం అతికించి ఇచ్చాం. ఆ అమ్మాయి దాన్ని చర్చిలో తొక్కినప్పుడు ఆ గొంతు గట్టిగా ఉందని పెద్దలు అభ్యంతరం చెప్పారు. తగ్గించి వాయిస్తోంది.

కొన్నాళ్లకు కొండాపురంలో బంధువుల ఇంటికి పోవలసి వచ్చింది. డ్యాం నీళ్లు వస్తాయని వాళ్లు ఊరు ఖాళీ చేసి కొత్త కాలనీకి పోతున్నారు, సామాను కట్టడానికి సాయం. ముందు ప్రొద్దుటూరులో పని చూసుకుని, బస్టాండు ముందు నిలబడ్డాం. ఎదురుగా మేడంత ఫ్లెక్సీ. అందులో ఆ కుర్రాడు చేతులు జోడించి నవ్వుతున్నాడు. చుట్టూ చిన్న చిన్న తలకాయలు, కింద పేర్లు. నుదుటి మీద బొట్టు చాలా పెద్దగా ఉంది. నేను ఆ ముఖంలో పాత ముఖం వెతికాను. దొరకలేదు. దొరకనందుకు బాధ కూడా కలగలేదు.

బావ కళ్లు చిట్లించి చూశాడు.

"ఎరుపు ఎక్కువైంది" అన్నాడు. "మైదుకూరు రోడ్డులో మనోడే అచ్చేసింటాడు. చెప్పల్ల వానికి."

అప్పుడే జమ్మలమడుగు మీదుగా కొండాపురం పోయే బస్సు వచ్చింది. జనం ఎగబడ్డారు. ఆయన కుడిచేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కాడు. నేను వెనక సంచి పట్టుకుని ఎక్కాను. కొండాపురంలో ఆ రాత్రి సామాను సర్దుతూనే ఉన్నాం, మునిగిపోయే ఇంటి తలుపులు, కిటికీలు కూడా ఊడదీసి లారీలో వేశారు.